బూట్ల కంపెనీలో గుండుసూది

మా వైపు మనిషిని అవమానించాలన్నా అండీ అనే అవమానిస్తారు. గొంతు పెంచరు, వేలు చూపించరు.

"అమ్మా, ఏమీ అనుకోకండి, మెడలోది ఒక్కసారి బయటికి తీసి దులుపుతారాండీ?" అన్నాడు మా లైను సూపర్‌వైజరు. మంచినీళ్ళు అడిగినంత మెత్తగా అడిగాడు. బెల్టు ఆపించి, లైనంతా నిలబడి చూస్తుండగా అడిగాడు. ఆ మాట అన్నాయన మర్చిపోయే ఉంటాడు. విన్నవాళ్ళలో చాలామంది మర్చిపోయామంటారు. నేను మర్చిపోలేదు. మర్చిపోదామని ప్రయత్నించనూ లేదు.

మర్చిపోతే మనసుకు హాయి అని చెప్పేవాళ్ళు ఊరికొకరుంటారు. నాకు ఆ హాయి అక్కర్లేదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా పెద్ద తోడికోడలు అందరికీ చేపముక్కలు వేసి నాకు ఒట్టి పులుసు పోసింది. అదేమిటక్కా అంటే "ముక్కలు అడుక్కి పోయినట్టున్నాయి, చూసుకోలేదు" అంది. కొల్లేటి గట్టున పుట్టిన ఆడది గిన్నెలో ముక్క ఎక్కడుందో తెలియకుండా గరిటె తిప్పుతుందా? ఆ మాట అప్పుడే అడిగాను. ఇప్పటికీ సందర్భం వస్తే అడుగుతాను.

మాది నిడమర్రు దాటాక కొల్లేటి వైపున్న ఊరు. ఎటు చూసినా చేపల చెరువులు, చెరువుల మధ్య గట్లు, గట్ల మీద మేత బస్తాలు. మా ఆయన ఒక పెద్ద చెరువు మీద కాపలా ఉంటాడు, చేపలకి సంచుల్లో మేత కడతాడు. నేను ఇంటరు అయ్యాక పెళ్ళి చేసుకుని వచ్చాను. కొన్నాళ్ళు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళాను. ఐసునీళ్ళలో వేళ్ళు నానీ నానీ సాయంత్రానికి అన్నం కలుపుకోవడానికి కూడా వంగేవి కావు. అలాంటి రోజుల్లో ఆటోకి మైకు కట్టుకుని చెప్పుకుంటూ పోయారు. తాడేపల్లిగూడెం దాటి నల్లజర్ల పోయే దారిలో, మెట్టలో, బూట్ల కంపెనీ వచ్చిందట. తైవాన్ వాళ్ళు డబ్బు పెట్టారట. ఇక్కడ కుట్టి ఓడలమీద బయటి దేశాలకు పంపుతారట. ఆడవాళ్ళే కావాలట. బస్సు ఊళ్ళోకే వస్తుందట.

మర్నాడు కుళాయి దగ్గర మా తోడికోడలు బిందె కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అంది.

"మన ఇంటి ఆడాళ్ళు చెప్పులు కుట్టే రోజులొచ్చాయన్నమాట."

"నీ కాళ్ళకున్నవి చెట్టుకు కాశాయా అక్కా?" అన్నాను.

కుళాయి దగ్గరున్న వాళ్ళందరూ నవ్వారు. ఆవిడ మాత్రం బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్ళిపోయింది. కిందటేడు వాళ్ళ అమ్మాయికి డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క, కంపెనీలో ఒక మాట చెప్పమని అదే ఆవిడ మా గుమ్మం ఎక్కింది. చెప్పాను. చెప్పేముందు కుళాయి దగ్గరి మాట గుర్తుచేశాను. గుర్తుచేశాకే చెప్పాను.

తెల్లారుతుండగా బస్సెక్కితే గణపవరం మీదుగా కాలవలు, వరిచేలు దాటి, గూడెం దాటేసరికి నేల రంగు మారిపోయేది. మా నల్లరేగడి కాళ్ళకి ఎర్రమట్టి కొత్త. పామాయిల్ తోట కొట్టేసి కట్టారు కంపెనీని. లోపలికి వెళ్తే ఎండా వానా తెలియదు. పొడుగాటి హాలు, బారుగా మిషన్లు, మధ్యలో బెల్టు. నేను కూర్చునేది బూటు పైభాగానికి లోపలి గుడ్డ కలిపి కుట్టే చోట. అక్కణ్ణుంచి బెల్టు మీద పోయి అడుగు అతుక్కుని, లేసు వేసుకుని, చివర్న ప్యాకింగులో పెట్టెలోకి వెళ్ళేది.

మేం కుట్టేవి చిన్నపిల్లల బూట్లు. అరచేతిలో జత పట్టేంత బూట్లు కూడా ఉండేవి. అందుకే ఇనుము ముక్కంటే ఆ కంపెనీకి హడలు. మిషను సూది విరిగితే ముక్కలన్నీ దొరికిందాకా పని ఆపేవాళ్ళు, దొరికాకే కొత్త సూది ఇచ్చేవాళ్ళు. పెట్టెలోకి వెళ్ళేముందు ప్రతి జతా ఒక యంత్రం కిందనుంచి పోవాలి. లోపల ఇనుము ఉంటే అది కూస్తుంది. ఈ రూలుని నేనెప్పుడూ తప్పు పట్టలేదు. ఏ దేశం పిల్లదైనా పాదం పాదమే.

చిక్కంతా మా మెడల దగ్గర వచ్చింది. మా వైపు పెళ్ళైన ఆడదాని మెడలో పసుపుతాడుకి సూత్రాలూ నల్లపూసలతో పాటు నాలుగు పిన్నీసులు వేలాడాల్సిందే. పైట జారినా, జాకెట్టు హుక్కు ఊడినా, పిల్లవాడికి ముల్లు గుచ్చుకున్నా, బస్సులో పక్కవాడి మోచెయ్యి మితిమీరినా వాటిదే భారం. గేటు దగ్గర సెక్యూరిటీ ఆవిడ మొదటి వారం అందరి పిన్నీసులూ తీయించి ఒకే డబ్బాలో పోసేది. సాయంత్రం ఎవరి చేతికి ఏది వస్తే అది. నా మంచివి పోయి తుప్పుపట్టినవి వచ్చాయి. వెళ్ళి అడిగాను. పిన్నీసులు తీయించడం మీ హక్కు, ఎవరివి వాళ్ళకి ఇవ్వడం మీ బాధ్యత, పైట నిలబడ్డానికి ఇంకో దారి చూపించడం కూడా మీ బాధ్యతే అన్నాను. నెల తిరక్కుండా భుజాలమీద బొందులున్న ఏప్రాన్లు వచ్చాయి. పైటని వాటికింద బిగించుకుంటే జారేది కాదు. ఆ ఏప్రాన్లు ఈరోజుకీ అందరూ వేసుకుంటున్నారు. ఎవరివల్ల వచ్చాయో ఎవరికీ గుర్తులేదు. ఆఫీసులో మాత్రం నాకు 'పిన్నీసుల ఆవిడ' అని పేరు పడింది. ఆ తర్వాత నేను పిన్నీసులు ఇంటి దగ్గరే వదిలేసి వచ్చేదాన్ని. పేరు మాత్రం వదల్లేదు.

తర్వాత దసరా వచ్చింది.

ఆయుధపూజ చేసుకుంటామని అడిగితే తైవాన్ పెద్దసారు సరే అన్నాడట. చెప్పులు బయట విడిచి, ఒట్టికాళ్ళతో హాల్లోకి వెళ్ళి, బూట్లు కుట్టే మిషన్లకి పసుపూ కుంకుమా పెట్టాం. కుట్టిన బూట్లని దేవుడి పటానికి కనపడకుండా గుడ్డ కప్పి పక్కన పెట్టింది ఒకామె. మిషను దేవుడట, అది కుట్టిన బూటు మైలట. ఆ లెక్క నాకు అప్పుడూ అర్థం కాలేదు.

గేటు దగ్గర మా జడల్లో స్లైడులు కూడా వదలని సెక్యూరిటీ ఆవిడ ఆ రోజు పూజ సామాను ముట్టుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను. గూడెం బజారునుంచి తెచ్చిన బంతిపూల బుట్టలు, మామిడాకులు, గుమ్మడికాయ, థర్మాకోలు ముక్కలు, మెరుపు కాగితాలు అన్నీ ఆవిడ పక్కనుంచే లోపలికి పోయాయి.

"ఇవి చూడవా?" అని అడిగితే ఆవిడ చెంపలేసుకుంది.

"దేవుడి బుట్టలో చెయ్యి పెట్టమంటారేంటండీ? ఇంకా స్నానం కూడా చెయ్యలేదు నేను."

ఇది మా వాళ్ళు మాత్రమే చేసే పొరపాటు. ఇంకే దేశంలోనైనా రూలంటే అందరికీ రూలు. మా దగ్గర దేవుడికి గేటు దగ్గర తనిఖీ ఉండదు. ఆ దేవుడి సామానులోనే గుండుసూదుల పెట్టె కూడా వచ్చింది. థర్మాకోలుతో స్వాగత తోరణం చేసి, సరిగ్గా మా బెల్టు మొదట్లో నిలబెట్టారు. సూపర్‌వైజరు స్టూలెక్కి, పెదాల మధ్య ఎర్రతల గుండుసూదులు పట్టుకుని, ఒక్కొక్కటే తీసి బంతిపూల దండల్ని గుచ్చాడు. దిగాక అందరం బాగుందన్నాం. నేనూ అన్నాను. బాగానే ఉంది మరి. పెద్దసారు దాని కిందే నిలబడి కొబ్బరికాయ కొట్టాడు. మొదటి దెబ్బకి పగల్లేదు, రెండో దెబ్బకి పగల్లేదు, మూడో దెబ్బకి నీళ్ళు ఆయన చొక్కా మీదే పడ్డాయి. ఆయనా నవ్వాడు, మేమూ నవ్వాం, ఫోటోలు తీశారు. సాయంత్రం ఎవరో ఆ తోరణాన్ని లాగి పడేశారు. పక్కనే లోపలిగుడ్డ ముక్కల ట్రేలున్నాయి.

పండగ సెలవులయ్యాక పని మొదలైంది. ఒక ఉదయం ప్యాకింగులో యంత్రం కూసింది. ఏదో జతలో ఇనుముందట. బూటు ఇంకా విప్పలేదు. ఏ ఇనుమో, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అలాంటిది సూపర్‌వైజరు తిన్నగా నా మిషను దగ్గరికి వచ్చాడు. బెల్టు ఆపించాడు. లేచి ముందుకు రమ్మన్నాడు. అప్పుడే ఆ మాట అన్నాడు, మెడలోది దులపమని.

నేను పసుపుతాడు బయటికి లాగాను. రెండు సూత్రాలు, నల్లపూసలు, పగడం. దులిపాను. ఇంకోసారి దులపమనకుండానే ఇంకోసారి దులిపాను. ఏమీ రాలలేదు. పెళ్ళైన ఆడది తాళిబొట్టు పదిమందిలో బయటికి తీసి దుమ్ము గుడ్డలా దులపడం ఎలా ఉంటుందో మగవాళ్ళకి చెప్పినా తెలియదు. ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు.

"సరేనండీ, వెళ్ళి కూర్చోండి" అన్నాడు. అంతే. మీరు కాదు అనలేదు.

మధ్యాహ్నం బూటు విప్పారు. అడుగుకీ లోపలిగుడ్డకీ మధ్య ఎర్రతల గుండుసూది. ఆ సంగతి నాకు కంపెనీ చెప్పలేదు, ప్యాకింగులో పనిచేసే మా బస్సు అమ్మాయి చెప్పింది, అది కూడా సాయంత్రం, చెవిలో. ఆ గుండుసూది ఎక్కడిదో హాల్లో అందరికీ తెలుసు. దానికి చదువేం అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. కానీ ఎవరూ పైకి అనలేదు. అంటే సూపర్‌వైజరు పేరు చెప్పాలి, కొబ్బరికాయ కొట్టిన పెద్దసారు దాకా పోవాలి. నా పేరైతే ఎక్కడిదాకానూ పోనక్కర్లేదు, నా దగ్గరే ఆగిపోతుంది.

సెలవుల తర్వాత కుట్టిన సరుకంతా మళ్ళీ విప్పి చూడాలన్నారు. ఆదివారం కూడా లైనంతా పనికి రావాల్సి వచ్చింది. బస్సులో ఆ ఆదివారం ఎవరూ నా పక్కన కూర్చోలేదు. రోజూ నా డబ్బాలోనుంచి పచ్చడి వేసుకునే ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వెనక సీట్లోంచి ఎవరో అన్నారు.

"ఒకళ్ళ మెళ్ళో పిన్నీసులు, పదిమందికి పాట్లు."

"అది పిన్నీసు కాదే, గుండుసూది. తోరణానిది" అన్నాను వెనక్కి తిరిగి.

"ఏదో ఒకటిలే వదినా. నీ దగ్గరే ఆపారు కదా బెల్టు."

ఆ మాటతో నాకు సంగతి అర్థమైంది. గుండుసూది దొరికింది, నిజం అందరికీ తెలుసు, అయినా బెల్టు ఆగింది నా దగ్గర కాబట్టి తప్పు నాదే. పసిపిల్ల బూటులో సూది వదిలిన మనిషిని నేను. అలాంటి తప్పు చేసినవాళ్ళని పనిలోంచి తీసేస్తామని మొదటిరోజే చెప్పారు. నన్ను తీసేయలేదు, నేను కాదని చెప్పనూ లేదు. ఎప్పుడు కావలిస్తే అప్పుడు లాగడానికి తాడు నా మెడలో ఉంచారు.

సోమవారం సూపర్‌వైజరుని అడిగాను.

"ఆ సూది నాది కాదని లైనులో చెప్పండి."

"అయిపోయింది కదమ్మా. నేనేమైనా అన్నానా మిమ్మల్ని? అండీ అనే కదా అడిగాను."

"అండీ అన్నారు. అందరిముందూ అన్నారు. ఇప్పుడు కూడా అందరిముందూ అండీ అనే చెప్పండి."

ఆయనది ఏలూరు. మంచి చదువు, మంచి మాట. చిన్నగా నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు కూడా నేను మర్చిపోలేదు.

హెచ్.ఆర్. మేడం పిలిచింది. కుర్చీ వేయించింది. శాంపిల్ రూములో ఖాళీ ఉంది, అక్కడ ఏసీ ఉంటుంది, పని తక్కువ, మీలాంటి పనితనం ఉన్నవాళ్ళే కావాలి అంది. నన్ను లైనులోంచి తప్పించడానికేనని నాకు అర్థమైంది.

"వెళ్తానండి. ముందు ఆయన చేత ఆ మాట చెప్పించండి, తర్వాత ఎక్కడికి పంపినా వెళ్తాను."

"ఆ మాటేం చేసుకుంటారమ్మా?"

"మరి ఏసీ ఏం చేసుకోనండి?"

ఆవిడ సరే ఆలోచిద్దాం అంది. ఆ వారంలోనే నోటీసు బోర్డులో ఒక కాగితం పెట్టారు, ఇకమీద హాల్లో అలంకరణలకి సూదులు వాడకూడదని. చూశారా, మీ వల్లే కదా అన్నారు. నా వల్లేనట! అందులో నా సంగతి ఒక్క ముక్క లేదు.

ఊళ్ళో కూడా తెలిసిపోయింది. మా ఊరికి కంపెనీ బస్సు రావడానికి కారణమైన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, ఇదివరకు సర్పంచిగా చేశాడు. ఆయన మా ఇంటికి వచ్చి, అరుగుమీద కూర్చుని, మా ఆయనతో చెరువు సంగతులు మాట్లాడి మాట్లాడి నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, కంపెనీలో ఏదో గొడవట?"

"గొడవేం లేదండి బాబాయి గారూ. ఒక మాట అడుగుతున్నాను."

"వాళ్ళు పైదేశం వాళ్ళమ్మా. ఇవాళ ఇక్కడ, చిరాకేస్తే రేపు ఇంకో రాష్ట్రం, ఎల్లుండి ఇంకో దేశం. సామాను సర్దుకుంటే మనమేం చేస్తాం? ఊళ్ళో ఇంతమంది ఆడపిల్లలు బతుకుతున్నారు దానిమీద. బస్సు ఆగిపోతే నువ్వు తెస్తావా?"

"ఆయ్, గుండుసూది దొరికితే కంపెనీ లేచిపోతుందంటే అది ఇప్పటికే లేచిపోవాలి కదండి. సూది వాళ్ళది. నేను అడిగేది మాట. మాటకి ఏ కంపెనీ అయినా లేచిపోతుందా?"

"నీతో మాట్లాడితే తల నొప్పమ్మా."

"మరి అందుకేగా వచ్చారు. టీ తాగి వెళ్ళండి."

ఆయన టీ తాగాడు, మాట మాత్రం మార్చలేదు. వెళ్ళేముందు మా ఆయనతో, "కాస్త చెప్పవయ్యా" అన్నాడు. మా ఆయన ఆయన్ని గేటుదాకా సాగనంపి వచ్చి నన్ను అడిగాడు.

"నీకు ఉద్యోగం కావాలా, మాట కావాలా?"

"రెండూ కావాలి."

"అయితే ముందు అన్నం పెట్టు" అన్నాడు. మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు. ఆయన్ని ఆ ఒక్కదానికి నేను మెచ్చుకుంటాను. మిగతా సంగతులు వేరే.

ఈ లేచిపోతారన్న మాట నేను చాలాచోట్ల విన్నాను. కంపెనీ వాళ్ళు ఎప్పుడూ అనలేదు, అనేది మా వాళ్ళే. వాళ్ళు బెదిరించకముందే మనం బెదిరిపోయి, మనల్ని మనమే బెదిరించుకుంటాం. వాళ్ళు తోట కొట్టి, గోడలు కట్టి, మిషన్లు ఓడలో దింపుకుని వచ్చింది మా మెత్తటి మాటలు విని కాదు. మా వేళ్ళు కావాలి. రొయ్య తల తీసిన వేళ్ళు, వల అల్లిన వేళ్ళు. ఆ వేళ్ళున్న మనిషికి పేరు కూడా ఉంటుంది.

ఉదయం బెల్టు మొదలయ్యే ముందు మా దగ్గర మీటింగు ఉంటుంది. పసుపు గీత మీద వరసగా నిలబడాలి. మణికట్లు తిప్పాలి, మెడ తిప్పాలి. మంచి సరుకు చేస్తామని అందరం గట్టిగా అనాలి. ఆఖర్న సూపర్‌వైజరు, "ఎవరికైనా చెప్పాల్సింది ఉందా?" అని అడగాలి. అడగడం రూలు. లేదండీ అనడం మా అలవాటు. కంపెనీ పెట్టినప్పటినుంచీ ఎవరూ ఉందని అనలేదు.

నేను చెయ్యెత్తాను.

"ఆ సూది నాది కాదని చెప్పండి."

"అది తర్వాత మాట్లాడుకుందాం అమ్మా."

మర్నాడు మళ్ళీ ఎత్తాను. అదే మాట. ఆ మర్నాడూ అదే. మొదట్లో ముసిముసిగా నవ్వుకునేవారు. తర్వాత నా కన్నా ముందే నా పక్కనున్నవాళ్ళు నా చేతివైపు చూడడం మొదలుపెట్టారు. "ఇవాళ జ్వరంగా ఉందన్నావు, చెయ్యి లేస్తుందా?" అంది పచ్చడి ఆవిడ ఒకరోజు. "నోటికి జ్వరం లేదుగా" అన్నాను. ఆవిడ నాతో మాట్లాడి అప్పటికి చాలారోజులైంది. వేళాకోళమే అయినా మాటే.

సూపర్‌వైజరు ఆ ప్రశ్నని గబగబా అనడం మొదలుపెట్టాడు, మధ్యలో చోటు లేకుండా. తర్వాత ఏకంగా మానేశాడు. మంచి సరుకు చేస్తామనగానే చప్పట్లు, వెంటనే బెల్టు. నేను చెయ్యెత్తేలోగా మిషన్ల చప్పుడు. ఇంతేనా అనుకున్నాను. అయినా ఎత్తేదాన్ని. ఆ చప్పుడులోనే ఎత్తి, దించి, వెళ్ళి కూర్చునేదాన్ని.

ఒకరోజు మీటింగుకి పెద్దసారు వచ్చి వెనక నిలబడ్డాడు. చిన్నమనిషి, తల నెరిసింది, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. గోడమీద మీటింగులో ఏది తర్వాత ఏది చెయ్యాలో బొమ్మలతో ఒక చార్టు ఉంది, చదువు రానివాళ్ళ కోసం. మణికట్ల బొమ్మ, నోరు తెరిచిన బొమ్మ, ఆఖర్న చెయ్యెత్తిన మనిషి బొమ్మ. చప్పట్లు అయిపోయి సూపర్‌వైజరు స్విచ్చు దగ్గరికి వెళ్తుంటే పెద్దసారు ఏదో అన్నాడు. అందరం వెనక్కి తిరిగాం. ఆయన వేలు ఆఖరి బొమ్మ మీద ఉంది.

సూపర్‌వైజరు వెనక్కి వచ్చాడు. నేలవైపు చూస్తూ అడిగాడు.

"ఎవరికైనా... చెప్పాల్సింది ఉందాండీ?"

చెయ్యెత్తాను. పెద్దసారు నన్నే చూశాడు. హెచ్.ఆర్. మేడాన్ని పిలిపించి, నా మాట తనకి ఇంగ్లీషులో చెప్పమన్నాడు. నేను మొదట్నుంచీ చెప్పాను. తోరణం, సూదులు, బూటు విప్పకముందే నన్ను లేపడం, తాళి దులపమనడం, సూది దొరికాక కూడా నేను కాదని చెప్పకపోవడం. ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. మేడం శ్రద్ధగా విని, సారు వైపు తిరిగి, "స్మాల్ మిస్‌అండర్‌స్టాండింగ్, సార్" అంది.

"మేడం, నేను ఇంటరు చదివానండి" అన్నాను. "అంతసేపు చెప్పింది ఇంతేనా అయ్యింది? పోనీ చిన్నదే అనుకోండి, ఆ మిస్‌అండర్‌స్టాండింగ్ నాది కాదు, ఆయనది."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఇక ఆవిడ కోసం ఆగలేదు. బెల్టు మొదట్లోకి నడిచాను. తోరణం ఇక్కడ అని రెండు చేతులూ పైకెత్తి చూపించాను. కొబ్బరికాయ కొట్టినట్టు చూపించాను, ఒకటి, రెండు, మూడు. ఆయనకి గుర్తొచ్చినట్టు మొహంలో తెలిసింది. పెదాల మధ్య సూదులు పట్టుకుని గుచ్చినట్టు చూపించాను. ట్రేలు చూపించాను. తర్వాత మెడలోంచి పసుపుతాడు బయటికి లాగాను. ఆ రోజు ఎలా దులిపానో అలాగే దులిపాను. హాల్లో నవ్వు ఆగిపోయింది.

పెద్దసారు నా చేతిలో తాడువైపు చూడలేదు, కళ్ళు దించుకున్నాడు. సూపర్‌వైజరు వైపు తిరిగి రెండు ముక్కలు అన్నాడు. అవేంటో మేడం తెలుగులో చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన మంచివాడని నేను రాయడం లేదు. ఆ తోరణం కింద నిలబడింది ఆయన కూడా. ఆయన చొక్కా మీద కొబ్బరినీళ్ళు పడ్డాయి, నా మీద నింద పడింది.

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు.

"మొన్న జరిగిన దానికి ఎవరికైనా బాధ కలిగి ఉంటే..."

"ఎవరికైనా కాదండి. నాకు."

"మీకు బాధ కలిగి ఉంటే..."

"ఉంటే కాదండి. కలిగింది. బాధ సంగతి కూడా పక్కన పెట్టండి. సూది ఎవరిదో చెప్పండి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఆ సూది ఈవిడది కాదు. తోరణానిది. నేను గుచ్చిందే. ఈవిడ్ని ఆపడం నాదే పొరపాటు" అన్నాడు, ముందు వరస వరకే వినపడేలా.

"ప్యాకింగు వాళ్ళకి వినపడలేదండీ" అని మా బస్సు అమ్మాయి చివర్నుంచి అరిచింది. ఆ పిల్ల గొంతు అంతకుముందు నేను చెవిలోనే విన్నాను.

ఆయన మళ్ళీ చెప్పాడు. ఈసారి హాలంతా విన్నది. చెప్పి నా వైపు చూశాడు. మేడం కూడా నా వైపే చూసింది. లైనంతా నా వైపే చూసింది. వాళ్ళు దేనికోసం చూస్తున్నారో నాకు తెలుసు. మా వైపు ఒకళ్ళు తప్పైందంటే రెండోవాళ్ళు వెంటనే, "అయ్యో, పర్లేదులెండి, దానికేముంది" అనాలి. అనకపోతే తప్పు అటునుంచి ఇటు వచ్చేస్తుంది. కాలు తొక్కినా అంతే, కొంప ముంచినా అంతే. ఆ మాట అనేసరికి జరిగింది జరగనట్టే.

మేడం నా మోచెయ్యి మెల్లగా తాకింది. "అనండమ్మా, పర్లేదని. పాపం, పెద్దమనసుతో చెప్పారు కదా."

"ఆయన చెప్పింది విన్నానండి" అన్నాను. "పర్లేదని మాత్రం అనను. పర్లేకపోతే ఇన్నాళ్ళు ఎందుకు అడుగుతానండి?"

పసుపుతాడు లోపలికి వేసుకుని, ఏప్రాను బొందు బిగించుకుని, నా మిషను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి బెల్టు కదిలింది.